మాఘంలోనే కొన్న బువ్వ

కురవి ప్రాంతపు ఇళ్లలో తక్కువ ఖర్చుతో కడుపునిండా పెట్టే వంట వెనుక ఒక ఏడాది లెక్క ఉంది. పచ్చి పులుసు నుంచి సర్వపిండి దాకా, జాతర చుట్టాల నుంచి హైదరాబాద్ గదుల్లోని పిల్లల దాకా ఆ లెక్క ఎట్లా నడుస్తుందో ఈ వారం ముఖచిత్ర కథనం.

సంక్రాంతి దాటి మాఘం వచ్చిందంటే కురవి చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఆరబోసిన మిర్చి మీదుగా వీచే గాలికి బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకూ తుమ్ములొస్తాయి. కంది కొట్టడం అప్పటికే అయిపోయి ఉంటుంది. చింతచెట్ల కింద కాయ రాలుతుంటుంది. యాసంగి జొన్న కంకి గట్టిపడుతుంటుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే మహాశివరాత్రి, వీరభద్రస్వామి జాతర. జాతరతో పాటు ఇంటింటికీ చుట్టాలు.

తక్కువ ఖర్చులో మంచి వంట గురించి రాసేటప్పుడు మామూలుగా ఒక రోజు లెక్క వేస్తాం. ఇంత పప్పు, ఇన్ని కూరగాయలు, మనిషికి ఇంత పడింది అని తేల్చేస్తాం. కురవి వైపు ఇళ్లలో ఆ లెక్క నిలవదు. శ్రావణంలో ఏదో ఒక మంగళవారం పొయ్యి మీద మరిగే పప్పుచారు ఎంతలో అయిందనేది మాఘ ఫాల్గుణాల్లోనే తేలిపోయి ఉంటుంది. ఏడాదికి సరిపడా కారం పట్టించారా, చింతపండు కొట్టి కుండకెత్తారా, కందులు పప్పు చేయించారా? ఈ మూడూ ఇంట్లో ఉన్నవాళ్లకు రోజూ వండుకోవడం చవక. లేనివాళ్లు అదే పప్పుచారుకు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. వాళ్ల చేతిలో డబ్బు తక్కువ ఉంటుంది గనుకనే ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.

మహబూబాబాద్‌కు, అంటే ఇక్కడివాళ్ల మానుకోటకు, సుమారు పది కిలోమీటర్ల దూరంలోని మండల కేంద్రం కురవి. ముదిగొండ చాళుక్యులు ఏలిన సీమ. పదో శతాబ్దం నాటి కొరవి శాసనాన్ని తెలుగు గద్యానికి తొలినాళ్ల నమూనాల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు చెబుతారు. 2017 శివరాత్రికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడి కోరమీసాల వీరభద్రస్వామికి బంగారు మీసాలు మొక్కు చెల్లించినప్పుడు ఊరి పేరు మళ్లీ పత్రికలకెక్కింది. వంటలో మాత్రం ఊరికి పేరేమీ లేదు. ఫలానా కురవి కూర అని ఎక్కడా బోర్డు కనిపించదు. ఒకందుకు అదే నయం, పేరొచ్చిన వంటకానికి ధర కూడా వస్తుంది.

కారం, పులుపు, పప్పు

నలుగురైదుగురున్న ఇంటికి ఏడాదికి ఐదారు కిలోల ఎండుమిర్చి కావాలి. అంతా ఒకే రకం కొనరు. తేజ రకం మంటకు. రంగుకు, కూర చిక్కదనానికి చపాటా. టమాట మిర్చి అని పిలిచే ఈ లావుపాటి కాయలో మంట తక్కువ, ఎరుపు ఎక్కువ. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, రెండు రకాలూ కలిపి పట్టించుకోవడం ఇక్కడి ఆడవాళ్లకు గుర్తింపు పత్రం రాకముందు నుంచీ తెలుసు. తొడిమలు తీసి, మంచి ఎండకు ఇంకో రెండ్రోజులు పెట్టి, గిర్నీకి తీసుకుపోయి పట్టించాక, ఇంటికొచ్చి ఉప్పు, దంచిన ఎల్లిపాయ, కాస్త నూనె కలిపి జాడీకెత్తుతారు. ఈ కారం ఉంటే కూరలేని పూట కూడా గడుస్తుంది. వేడి అన్నంలో చెంచాడు కారం, చెంచాడు నూనె వేసుకుని తిని పొలం పోయినవాళ్లు ఈ ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఉన్నారు.

చింతపండు పని ఇంకా నెమ్మది. కాయ కొట్టి, పెంకు తీసి, గింజ తీసి, ఈనె లాగి, ఉప్పు చల్లి కుండలో వత్తి పెట్టాలి. మధ్యాహ్నాలు నలుగురు ఆడవాళ్లు ఒక వాకిట్లో కూర్చుంటే తప్ప తెమలదు. అందుకే ఊళ్లో సగం వార్తలు చింతపండు దగ్గరే తెలుస్తాయి. కొత్త పండు లేత రంగులో ఉంటుంది, పచ్చి పులుసుకు అదే అందం. ఏడాది గడిచేకొద్దీ నల్లబడుతుంది, అప్పుడది చేపల పులుసుకూ కోడిగుడ్డు పులుసుకూ పోతుంది. గింజలు కూడా పారెయ్యరు, వేయించి పిల్లలకిస్తారు. పళ్లు గట్టిగా ఉండాలి, అంతే.

ఇక కంది. పత్తి చేలల్లో నాలుగు సాళ్లకో అయిదు సాళ్లకో ఒక కంది సాలు వేసుకోవడం ఇక్కడి రైతుల పాత అలవాటు. ఆ సాలు ఇంటి కోసం. 2015లో కందిపప్పు కిలో రెండు వందలు తాకింది. 2023, 24లో మళ్లీ నూటయాభై దాటింది. టీవీల్లో గగ్గోలు నడిచిన ఆ రోజుల్లో ఇంట్లో కంది మూట ఉన్నవాళ్లు ధర తెలుసుకున్నారే తప్ప దాని దెబ్బ తినలేదు. 2023 వానకాలం టమాట కిలో వంద దాటి పైపైకి పోయినప్పుడూ అంతే. పులుపుకు చింతపండు ఉన్న వంటింటికి టమాట లేకపోతే వచ్చే నష్టమేంటి? టమాట లేకుండా కూర ఉండదన్న అలవాటు మనకు వచ్చి ఎన్నేళ్లో కాలేదు.

ఇప్పుడు ఈ బొమ్మకు అటువైపు చూద్దాం. మిర్చి ఏరే కూలి పనికి పోయే మనిషి, రోజంతా ఆ ఎర్రటి కాయల మధ్యే వంగి ఉండే మనిషి, సాయంత్రం కిరాణా కొట్లో పది రూపాయల కారం ప్యాకెట్ కొంటుంది. చిన్న ప్యాకెట్‌లో వచ్చే గ్రాములను కిలో లెక్కకు తీస్తే పెద్ద ప్యాకెట్ కంటే, పెద్ద ప్యాకెట్ లెక్క తీస్తే గిర్నీలో పట్టించిన కారం కంటే ధర ఎక్కువ తేలుతుంది. చింతపండు వంద గ్రాములు, పప్పు పావుకిలో, నూనె చిన్న పాకెట్. ఒక్కసారి చేతిలో నాలుగైదు వేలు పెట్టుకోగలిగితే ఏడాదంతా మిగిలే డబ్బు, ఆ నాలుగైదు వేలు లేక రోజూ కొంచెం కొంచెం కారిపోతుంది. పొదుపుగా వండుకోండని ఆమెకు చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు. ఆమె వంట ఎప్పుడో పొదుపుగానే ఉంది, దండుగ అంతా కొనుగోలులో ఉంది.

నిల్వ ఉన్నవాళ్లకూ పూర్తి భరోసా లేదు. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచేసింది. ఇంటిలోకి నీళ్లొస్తే మొదట పాడయ్యేది మూటల్లో, డబ్బాల్లో, కుండల్లో ఉన్న ఏడాది సరుకే. వరద పోయాక మంచం కడిగి వాడుకోవచ్చు. తడిసిన బియ్యం, నీళ్లు చేరిన కారం ఎందుకూ పనికిరావు. మళ్లీ మాఘం దాకా ప్యాకెట్లే గతి.

బియ్యం సంగతి

బియ్యం మాత్రం ఈ లెక్కలో వేరే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పటి నుంచి ఈ ప్రాంతపు వంటింట్లో అన్నం స్థానం మారిపోయింది. అంతకుముందు వరి అన్నం పండుగ తిండి. రోజూ తిన్నది జొన్న గట్క, మక్క గట్క, అంబలి. రవ్వను ఉడికించి చల్ల పోసుకుని, పచ్చిమిర్చో ఉల్లిగడ్డో నంజుకుని తిని పనికి పోయేవాళ్లు. అప్పటి రోజుల్లో ధాన్యం ఇంటికి చేరడమే పెద్ద యుద్ధం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది తన పంట తన ఇంటికి చేర్చుకోవడానికే. ఆ తరం తిన్న గట్కనే 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక హైదరాబాద్ హోటళ్లలో రాగి గిన్నెలో పెట్టి, గట్టి ధర కట్టి వడ్డించారు. మా నాయనమ్మల కాలం వాళ్లు చూస్తే ఒకటే మాట అడిగేవాళ్లు: ఇంత డబ్బిచ్చి గట్క ఎందుకు తింటున్రు, బియ్యం దొరుకుతలేవా?

2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డు బియ్యం వచ్చేది. చాలా ఇళ్లలో అది అన్నానికి కాకుండా దోశపిండికీ, సర్వపిండికీ పోయేది, లేదంటే ఎవరికో అమ్ముడయ్యేది. సన్న బియ్యం కంచంలోకే వస్తున్నది. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలంటే రోజుకు 800 గ్రాములు, తలకు 200 గ్రాములు. కాయకష్టం చేసే మనిషికి అది చాలదు, రెండు పూటల్లో దాదాపు ఒక పూట గడుస్తుంది. మిగతాది సొంత పొలం నుంచో, మిల్లు నుంచో రావాలి. అయినా వంటింటి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు ఇట్లా సగం తగ్గిందంటే, ఇక తేడా అంతా కారం, పులుపు, పప్పు, నూనె దగ్గరే ఉంటుంది. మాఘం మాట ఇంతగా ఎత్తడం అందుకే.

ఇంకో తలె పెట్టాల్సి వస్తే

ఈ వైపు చవక వంటకు అసలు పరీక్ష గడప దగ్గర ఉంటుంది. వంట అయ్యాక, గిన్నెలు దింపాక, ఇద్దరు మనుషులు అనుకోకుండా వస్తారు. "కూసోండ్రి, తిని పోండ్రి" అన్న మాట అప్పటికే నోట్లోంచి వచ్చేస్తుంది. అప్పుడు ఏం చేయగలవన్నదే వంట నేర్పు. వేపుడును పెంచలేం. కూర ముక్కలు లెక్కకే ఉంటాయి. పెరిగేది పులుసు, చారు, చల్ల. తెలంగాణ వంటలో పలచటి వాటికి ఇంత పెద్దపీట ఎందుకు వేశారో వాటిని వండేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

పచ్చి పులుసుకు పొయ్యితో పని పోపు వరకే. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, నాలుగు గ్లాసుల నీళ్లు కలపాలి. రెండు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి ఉప్పు వేసి చేత్తో బాగా నలపాలి. నలపకుండా ఊరికే తరిగి వేస్తే ఉల్లి ఉల్లిగానే, నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. నాలుగు పచ్చిమిర్చి మంట మీద పొక్కులొచ్చేలా కాల్చి అందులోనే మెదపాలి. వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా వేస్తే పులుపుకు కాస్త కమ్మదనం వస్తుంది. కొందరు చిన్న బెల్లం ముక్క వేస్తారు, నేను వెయ్యను. కొత్తిమీర, పైన చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కల్యామాకు పోపు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై సన్‌ఫ్లవర్ నూనె లీటరు రెండొందల దాకా ఎగబాకినప్పుడు వేపుళ్లన్నీ వెనక్కి తగ్గాయి, పచ్చి పులుసు మాత్రం ఎప్పటిలాగే ఉంది. దానికి కావలసిన నూనె అంతే.

దీని జోడీ పెసరపప్పు కిచిడి. రెండు గ్లాసుల బియ్యానికి ముప్పావు గ్లాసు పెసరపప్పు, పసుపు, ఉల్లిగడ్డ, నాలుగు మిరియాలో రెండు లవంగాలో. కుక్కర్‌లో పెడితే కూతలకు కూర్చునేలోపు పులుసు కలిపేయొచ్చు. ఉడుకుడుకు కిచిడి మీద చల్లటి పులుసు పోసుకుని, పక్కన ఒక అప్పడం విరుచుకుంటే ఇంకేం అక్కర్లేదు. జ్వరం తగ్గిన పిల్లలకూ, ప్రయాణం చేసి వచ్చినవాళ్లకూ, వానకు తడిసి వచ్చినవాళ్లకూ ఇదే. మనిషి పెరిగితే పులుసు పెంచాలి. అయితే ఇక్కడొక మర్యాద ఉంది. పెంచేటప్పుడు నీళ్లొక్కటే పొయ్యకూడదు, ఇంకొంత చింతపండు, ఇంకొంత ఉప్పు, ఇంకో కాల్చిన మిర్చి తోడవ్వాలి. ఉత్త నీళ్లు పోసిన పులుసు తిన్న చుట్టానికి తాను చెప్పకుండా వచ్చానన్న సంగతి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

పప్పుచారు దీనికంటే ఓర్పు గల వంట. గ్లాసు కందిపప్పు ముద్దపప్పుగా వండితే నలుగురికి. చారు చేస్తే ఎనిమిది మందికి, అవసరమైతే పది మందికి. గంటసేపు నానబెట్టిన పప్పు తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. మెత్తగా మెదిపి, చింతపండు రసం పోసి, సొరకాయ ముక్కలో మునక్కాడో ఏది ఉంటే అది వేసి, బాగా మరగనిచ్చి, చివర్లో ఎల్లిపాయ పోపు పెట్టాలి. మరగడం తక్కువైతే పప్పు అడుక్కి, నీళ్లు పైకి తేలతాయి. మరిగితేనే రెండూ ఒకటవుతాయి.

అయితే ఒక అభ్యంతరం ఇక్కడే చెప్పుకోవాలి. చుట్టం వచ్చిన పూట పప్పు పలచబడితే పోయేదేం లేదు. రోజూ పలచటి చారే అయితే పోయేది పిల్లల ఒంట్లో బలం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు, పప్పులు, మాంసం వంటివాటి నుంచి 15 శాతం దాకా రావాలి. మన దేశంలో ధాన్యాల వాటా 50 నుంచి 70 శాతం దాకా ఉంటున్నదని అదే సంస్థ చెబుతున్నది. కురవి కంచంలోనూ అన్నం గుట్టగా, పప్పు దారిగా ఉంటుంది. ఉచిత బియ్యం ఆ గుట్టను ఇంకా పెంచుతుంది. విరుగుడు పాత తిండిలోనే ఉంది, మనం మరచిపోతున్నాం. సాయంత్రం పూట గుడాలు ఉండేవి. బొబ్బర్లో, అనుములో, శనగలో ఉడకబెట్టి, ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వేసి పోపు పెట్టిన గుప్పెడు గుడాలు బడి నుంచి వచ్చిన పిల్లల చేతిలో పడేవి. ఇప్పుడు ఆ చేతిలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ ఉంది. అందులో సగం గాలి.

ఆకుకూరలదీ ఇదే కథ. గంగవాయిలి కూర, పొన్నగంటి, చెన్నంగి ఆకు ఇవన్నీ ఎవరూ విత్తకుండా చేలల్లో వచ్చేవి. కలుపు తీయబోయిన ఆడవాళ్లు కొంగులో కూర తెచ్చేవాళ్లు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇట్లా విత్తకుండా మొలిచే తిండి ఎంత ఉందో దళిత మహిళా రైతులతో కలిసి ఏళ్ల తరబడి నమోదు చేసింది. పత్తి, మిర్చి చేలల్లో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక కలుపుతో పాటు కూర కూడా పోయింది. పుంటికూర, తోటకూర ఇంకా పెరట్లో బతికి ఉన్నాయి. ఫాల్గుణ చైత్రాల్లో చింతచిగురు వస్తుంది. హైదరాబాద్ మార్కెట్లలో కిలో వందల రూపాయలు పలికే చిగురు ఇక్కడ చెట్టెక్కేవాడు ఇంట్లో ఉంటే ఉత్తగనే దొరుకుతుంది. చింతచిగురు పప్పులో ఎండు రొయ్యలు నాలుగు పడితే ఆ పూట ఇంకో కూర గురించి ఎవరూ అడగరు.

సర్వపిండి గురించి రెండు మాటలు చెప్పి తీరాలి. వరంగల్ ప్రాంతపు సొంత తిండి ఇది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిఆకు, కారం, కల్యామాకు వేసి గట్టిగా కలిపి, అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె లోపల నూనె రాసి పలచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, వాటిలో రెండు చుక్కల నూనె వెయ్యాలి. మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా వస్తుంది. ఒక్కో గిన్నెకు పావుగంట పడుతుంది, అందుకని పొయ్యి చుట్టూ జనం చేరి వంతు కోసం చూస్తుంటారు. స్నేహితులు ఇంటికొచ్చిన సాయంత్రానికి ఇంతకన్నా మంచి తిండి నాకు తెలియదు. మిల్లులో చవకగా దొరికే నూకలు పట్టించినా పిండి బాగానే వస్తుంది.

జాతర నాటి లెక్క

శివరాత్రి నాడు ఉపవాసం, జాగారం. ఇంట్లో ఉడికేవి చిలగడదుంపలే. అసలు వంట మరునాడు. స్వామి కల్యాణం చూడటానికి వచ్చిన ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు, వియ్యాలవారు, వాళ్లతో తోడొచ్చిన ఇంకెవరో. ఇరవై మందికి మూడు మూడున్నర కిలోల బియ్యం, చారుకు అర కిలో కందిపప్పు, కూరకు రెండు కిలోల ఆలుగడ్డ, కిలో టమాట, పెద్ద బకెట్‌కు పచ్చి పులుసు. తీపికి పరమాన్నం: అర కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం, రెండు లీటర్ల పాలు. కారం, చింతపండు, పప్పు ఇంటివే. బియ్యంలో కొంత రేషన్‌ది. బయట కొన్నది కూరగాయలు, బెల్లం, పాలు, పెరుగు. ఇరవై మంది తిన్న విందుకు ఆ రోజు జేబులోంచి పోయిన డబ్బు, నలుగురు హోటల్లో కూర్చుని తిన్నంత కూడా ఉండదు.

మనుషులు పెరిగితే ఖర్చు పెరుగుతుందన్నది సగం నిజమే. కుక్కర్‌లో గ్లాసు పప్పు పెట్టినా మూడు గ్లాసులు పెట్టినా గ్యాస్ దాదాపు అంతే. పోపు నూనె కొంచెమే పెరుగుతుంది. వండే మనిషి శ్రమ ఒకరికైనా నలుగురికైనా పెద్ద తేడా ఉండదు. తలకు పడే ఖర్చు చూస్తే జనం చేరిన కొద్దీ తగ్గుతుంది. ఒక్కడే ఉండేవాడికి ఇంట్లో వండుకోవడం చవక కాదని కూడా ఒప్పుకోవాలి. మండల కేంద్రాల్లో సైతం కర్రీ పాయింట్లు వెలిసింది ఇందుకే. ఇరవై ముప్పై రూపాయలకు కూర కొనుక్కుని, అన్నం ఒక్కటి వండుకునే ఒంటరి ఉద్యోగిని తప్పుపట్టలేం. అతని పక్క గదిలో ఇంకో ఇద్దరు ఉండి, ముగ్గురూ ఒక్క కుక్కర్‌కు వస్తే లెక్క మారిపోతుంది.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ లెక్క కనిపెట్టారు. మానుకోట స్టేషన్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ల సామాన్లు ఒకసారి చూడండి. పుస్తకాల సంచి కంటే బియ్యం మూట బరువుగా ఉంటుంది. అందులో కారం డబ్బా, చింతపండు ముద్ద, పల్లీల పొడి, అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు. గదిలో నలుగురు కలిసి ఎల్లిపాయ కారం, కోడిగుడ్డు పులుసు, పప్పుచారు తిప్పి తిప్పి వండుకుంటారు. మాఘంలో కురవి వాకిట్లో కొట్టిన చింతపండు కార్తీకంలో అశోక్‌నగర్ మేడ మీద మరుగుతుంటుంది.

ఆదివారం స్నేహితులు కలిస్తే బగారన్నం. లవంగాలు, యాలకులు, దాల్చిన చెక్క, పుదీనా, ఉల్లిగడ్డ వేయించి బియ్యం వేస్తే అన్నానికే పండుగ కళ వస్తుంది. పక్కన కోడికూర ఉంటే దావత్. లేకపోయినా టమాట చారు, పెరుగు చట్నీతో దావత్‌కు లోటు రాదు, ఖర్చు మాత్రం మూడో వంతుకు దిగుతుంది. కురవి మండలంలో తండాలు చాలా ఉన్నాయి. లంబాడీల ఇళ్లలో జొన్న బాటీ, కారం రోజువారీ తిండి. మేకను కోసిన రోజు మాత్రం రక్తం, పేగులు కూడా వదలకుండా సళోయి వండుతారు. మాంసంలో పొదుపు అంటే అదీ.

దావత్ రోజు పెద్ద గుండిగ దగ్గర గంటె పట్టుకునేది మగవాళ్లే. మటన్ ఎట్లా ఉడకాలో, బగార ఎప్పుడు దమ్‌కు పెట్టాలో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని వాళ్ల నమ్మకం. మిగతా రోజుల పప్పుచారుకు ఆ పాండిత్యం అక్కరకు రాదు. మిర్చి ఏరి సాయంత్రం ఆరు గంటలకు ఇంటికొచ్చే ఆడమనిషి ఏడున్నరకల్లా అన్నం, చారు దించాలి. కాయ ఘాటుకు మండే వేళ్లతో చింతపండు పిసకాలి. 2024 ఫిబ్రవరి నుంచి రాష్ట్రంలో అర్హులైన ఇళ్లకు గ్యాస్ సిలిండర్ 500 రూపాయలకు వస్తున్నది, కట్టెల పొగ కొంత తప్పింది. ఆమె గంటన్నర మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. చవక వంట అని మనం పొగిడే ప్రతి వంటకంలోనూ కూలి కట్టని ఈ గంటన్నర ఉంది. దాన్ని ఇంట్లో ఇద్దరు పంచుకుంటే తప్ప ఆ వంటను చవక అనడానికి నాకు మనసొప్పదు.

డబ్బు ముందుగా లేనివాళ్లకు దారేదీ అంటే, ఒకప్పుడు ఉండేది. 2000 తర్వాత వెలుగు, ఆపైన ఇందిరా క్రాంతి పథం రోజుల్లో మహిళా సంఘాల గ్రామ సమాఖ్యలు బియ్యం టోకుగా కొని సభ్యులకు అప్పు మీద ఇచ్చేవి. సభ్యులు కూలి డబ్బులు వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా తీర్చేవాళ్లు. కొన్నిచోట్ల పప్పు, నూనె కూడా ఇట్లాగే కొన్నారు. ఇప్పుడు బియ్యం రేషన్‌లో వస్తున్నది గనుక అదే పద్ధతి కారానికీ చింతపండుకూ కందిపప్పుకూ తిప్పుకోవచ్చు. పది ఇళ్ల సంఘానికి ఎండుమిర్చి అర క్వింటాలు, చింతపండు అర క్వింటాలు, ఇంటికి నెలకు రెండు కిలోల చొప్పున పప్పు ఏడాదికి 240 కిలోలు. కేసముద్రం మార్కెట్ నుంచి ఒక్క ట్రాలీ ఆటోలో వచ్చేసే సరుకు. పిల్లల చదువుకూ గేదె కొనడానికీ అప్పిచ్చే సంఘాలకు ఇది పెద్ద మొత్తం కాదు. అయితే ఆ డబ్బు పుష్యం వెళ్లకముందే చేతికి రావాలి. చైత్రంలో మంజూరయ్యే అప్పు కారానికి పనికిరాదు, అప్పటికి మిర్చి కల్లాలు దాటి కోల్డ్ స్టోరేజీలకు చేరిపోతుంది.